జనగామలో కొన్నది, భూపాలపల్లి దాకా విన్నది

"అన్నా, వెయ్యి రూపాయల లోపల మంచి ఇయర్‌ఫోన్స్ చెప్పవా? సౌండ్ మంచిగుండాలె, చెవులు ఖరాబు కావద్దు" అని మా చిన్నమ్మ బిడ్డ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. వాళ్లది మహబూబాబాద్. మేమంతా ఇప్పటికీ మానుకోట అనే అంటాం. చెల్లె గ్రూప్-2కి చదువుతోంది, కోచింగ్ అంతా ఫోన్‌లోనే. రోజుకు ఆరు గంటలు చెవుల్లో ఏదో ఒకటి ఉండాల్సిందే. నేను హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటూ బతుకుతున్నా. ఇంట్లో ఒక్కరు ఇంజినీరింగ్ చదివితే చాలు, ఫ్రిజ్ దగ్గర్నుంచి ఇయర్‌ఫోన్స్ దాకా చుట్టాలందరి కొనుగోళ్లకూ వాళ్లే సలహాదారులు.

ఏదో ఒక లింకు పంపిస్తే అయిపోయేది. కానీ మూడు రోజులు సెలవు దొరికింది, భూపాలపల్లిలో పెద్దబాపును చూసి కూడా చాలా రోజులైంది. జనగామలో దిగి పెంబర్తి చూడాలి, అక్కడి నుంచి మానుకోట, ఆ తర్వాత భూపాలపల్లి. ఇట్లా రూటు వేసుకున్నా. 2016 అక్టోబర్ 11 దాకా ఈ మూడు ఊర్లూ పాత వరంగల్ జిల్లాలోవే. ఇప్పుడు మూడూ మూడు జిల్లా కేంద్రాలు. బయలుదేరే ముందు ఫోన్‌లో ఒక సౌండ్ మీటర్ యాప్ వేసుకున్నా. సరదాకే వేసుకున్నా గానీ, ట్రిప్పంతా అదే నడిపించింది.

సికింద్రాబాద్‌లో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కా. ఎండాకాలం కాబట్టి కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ఘట్‌కేసర్ దాటి రైలు స్పీడు అందుకున్నాక యాప్ చూస్తే 80 డెసిబెల్స్ దగ్గర ఆడుతోంది. వంతెన మీదికి రాగానే 88. ఫోన్ మైకుతో కొలిచేది కాబట్టి నాలుగైదు అటూ ఇటూ ఉంటుంది, అయినా అంచనాకు పనికొస్తుంది. ఎదురు సీట్లో ఒక పిల్లగాడు, ఇంటర్ చదువుతుండొచ్చు, చెవుల్లో తెల్లటి ఇయర్‌బడ్స్ పెట్టుకుని కూర్చున్నాడు. అంత రొదలోనూ వాడు వింటున్న పాట నాకు పల్లవితో సహా వినిపిస్తోంది.

వాడికి గట్టిగా వినడం ఇష్టమని కాదు. రైలు 80 మీద ఉంటే పాట దానికంటే పైకి రావాలి కదా, లేకపోతే మాటలు అర్థం కావు. ఇంట్లో నాలుగు గీతల మీద వినేవాడు రైల్లో పన్నెండుకు పోతాడు. ఇయర్‌ఫోన్స్ కొనేటప్పుడు మనం బేస్ చూస్తాం, బ్యాటరీ చూస్తాం, రంగు కూడా చూస్తాం. బయటి రొదను చెవి దాకా రానీయకుండా ఎంతవరకు ఆపుతుందో ఎవరూ అడగరు. నన్నడిగితే చెవుల సంగతిలో సగం అక్కడే తేలిపోతుంది.

కొంచెం లెక్కలు చెప్తా, ఓపిక పట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐటీయూ కలిసి 2019లో ఫోన్లు, మ్యూజిక్ ప్లేయర్ల కోసం ఒక ప్రమాణం తెచ్చాయి. దాని ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. పిల్లలకైతే ఆ 40 గంటలూ 75 దగ్గరే. డెసిబెల్ లెక్క మన మామూలు కూడికలా నడవదు. 3 పెరిగితే శబ్దంలోని శక్తి రెండింతలవుతుంది, అంటే వినగలిగే టైమ్ సగానికి పడిపోతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5. అట్లా పోతూ పోతూ 100 దగ్గరికొచ్చేసరికి వారం మొత్తానికి ఇరవై నిమిషాలు మిగులుతాయి. ఫోన్ ఫుల్ వాల్యూమ్ పెడితే చాలా ఇయర్‌ఫోన్స్ 100 తేలిగ్గా అందుకుంటాయి. ఎదురు సీటు పిల్లగాడి వారం కోటా భువనగిరి రాకముందే అయిపోయి ఉంటుంది.

జనగామ స్టేషన్ బయటికొచ్చి బస్టాండు వైపు నడుస్తుంటే మొబైల్ షాపులు వరసగా ఉన్నాయి. ఒక షాపు ముందు వైర్ల ఇయర్‌ఫోన్స్ గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. లోపలికి పోయా.

"ఎసొంటిది కావాలన్నా? బేస్ మస్తుండాల్నా?"

"బేస్ సంగతి తర్వాత. రబ్బర్లు ఎన్ని సైజులొస్తయ్?"

షాపు తమ్ముడు నన్ను ఒకసారి ఎగాదిగా చూశాడు. ఈ ప్రశ్న అతన్ని ఎవరూ అడిగినట్టు లేరు. కానీ అదే ముందు అడగాల్సింది. ఇయర్‌ఫోన్స్‌లో రెండు రకాలుంటాయి. ఒకటి చెవి బయట ఆనుకుని కూర్చునే గట్టి ప్లాస్టిక్ మొగ్గ. ఇది బయటి చప్పుడును దాదాపు ఏమీ ఆపదు. రెండోది సిలికాన్ రబ్బరుతో చెవి రంధ్రంలోకి పోయేది. సరైన సైజు రబ్బరు పడితే ఇది 15 నుంచి 25 డెసిబెల్స్ దాకా బయటి రొద తగ్గిస్తుంది. 80 ఉన్న రైలు 60 అయిపోతే పాట 70 దగ్గరే హాయిగా వినిపిస్తుంది. సైజు సరిపోకపోతే బేస్ సందుల్లోంచి కారిపోతుంది. అప్పుడు "ఇందులో బేస్ లేదు" అని మళ్లీ వాల్యూమ్ పెంచుతాం. బాక్సులో చిన్న, మధ్య, పెద్ద మూడు జతల రబ్బర్లు లేకపోతే నేనైతే కొనను. రెండు చెవులకు రెండు వేర్వేరు సైజులు పట్టేవాళ్లూ ఉంటారు. నాకు కుడి చెవికి మీడియం, ఎడమకు చిన్నది.

తమ్ముడు రెండు రకాలు తీసి ఒకే పాట వినిపించాడు. రెండోది వెంటనే బాగా నచ్చింది. అనుమానమొచ్చి మొదటిదానికి రెండు గీతలు వాల్యూమ్ పెంచి విన్నా. ఇప్పుడు మొదటిదే నయం, పాడేవాళ్ల గొంతు విడిగా, స్పష్టంగా ఉంది. మన చెవి చేసే మోసం ఇది. కాస్త గట్టిగా వినపడింది ఏదైనా దానికి బాగున్నట్టే అనిపిస్తుంది. షాపులో పోల్చేటప్పుడు రెండింటినీ ఒకే గట్టిదనానికి తెచ్చుకున్నాకే తీర్పు చెప్పండి. బాక్సు వెనక సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. అది ఎక్కువుంటే నాణ్యత ఎక్కువ అని కాదు, తక్కువ కరెంటుకే గట్టిగా మోగుతుందని అర్థం. మామూలుగా ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్‌కు పదిహేను మెట్లే ఉంటాయి. బాగా సెన్సిటివ్ ఇయర్‌ఫోన్ అయితే మూడో మెట్టుకే మోగిపోతుంది, మధ్యలో సర్దుకునే వీలుండదు.

"గిది చూడన్నా, వైర్‌లెస్, రెండొందల యాభైకే" అని ఇంకో డబ్బా తీశాడు. పెద్ద కంపెనీ పేరే, స్పెల్లింగులో ఒక అక్షరం తేడా. వైర్‌లెస్ ఇయర్‌ఫోన్స్‌కు మన దేశంలో బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉండాలి. డబ్బా మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ వివరాలొస్తాయి. ఈ డబ్బా మీద అసలు నంబరే లేదు. నేను వెతుకుతుంటే తమ్ముడే నవ్వి, "అది మీకు కాదులే అన్నా" అని లోపల పెట్టేశాడు.

చివరికి వైరు ఉన్నదే తీసుకున్నా. మూడు సైజుల రబ్బర్లు, మైకు, మామూలు జాక్. ఆరొందల యాభై. చెల్లె ఫోనుకు జాక్ ఉంది కాబట్టి బతికిపోయాం, లేకపోతే టైప్-సి అడాప్టర్ ఇంకోటి కొనాల్సి వచ్చేది. రోజుకు ఆరు గంటలు వాడే మనిషికి చార్జింగ్ గొడవ లేనిదే మేలు. వైర్‌లెస్‌లో ఉండే చిన్న బ్యాటరీ ఏడాది, రెండేళ్లకు బలం తగ్గుతుంది, దాన్ని మార్చడం కుదరదు. సౌండే ముఖ్యం, రెండు వేలు అటూ ఇటూ పెట్టగలం అనుకునేవాళ్లు ఆన్‌లైన్‌లో మూన్‌డ్రాప్ చూ, సెవెన్ హెర్ట్జ్ జీరో లాంటివి చూడొచ్చు. ఆ ధరకు వాటి సౌండ్ నిజంగా ఆశ్చర్యమే. అవి కూడా చెవి లోపలికి పోయే రకమే కాబట్టి రొదనూ ఆపుతాయి.

పెంబర్తి జనగామకు దగ్గరే, హైదరాబాద్ రోడ్డు మీద. ఆటోలో పోతే ఊరి పేరు చదివేలోపే ఇత్తడి కనిపిస్తుంది. కాకతీయుల కాలం నుంచీ ఉన్న పని అంటారు. ఇప్పుడు జీఐ గుర్తింపు కూడా ఉంది. ఇత్తడి రేకును లక్క మీద అంటించి, ఉలితో సుత్తెతో వెనక నుంచి కొట్టి బొమ్మను పైకి లేపుతారు. నేను పోయినప్పుడు ఒక పెద్దాయన ద్వార తోరణానికి ఏనుగు తొండం తీస్తున్నాడు. టక్ టక్ టక్ అని చిన్న దెబ్బలు, వినడానికి ముచ్చటగానే ఉంది. పక్కన ఇంకొకాయన మందపాటి రేకును సాగగొడుతుంటే మాత్రం యాప్‌లో అంకె ఒక్కసారిగా 100 మీదికి ఎగిరి కిందికి పడింది. ఇట్లాంటి దెబ్బల చప్పుళ్లను ఫోన్ సరిగా పట్టుకోలేదు, అసలు పీక్ ఇంకా ఎక్కువే ఉంటుంది.

నేను పక్క నుంచి ఏదో అడిగితే పెద్దాయన పని ఆపకుండానే, "ఎదురుంగ వచ్చి మాట్లాడు బిడ్డా" అన్నాడు. ఎదురుగా పోయి కూర్చున్నా. మాట్లాడినంతసేపూ నా కళ్లలోకి చూడలేదు, పెదాల వైపే చూశాడు. దీపపు కుందె ఒకటి కొనుక్కున్నా. బేరం ఆడబుద్ధి కాలేదు.

మళ్లీ రైలు. కాజీపేట, వరంగల్ మీదుగా మానుకోటకు దాదాపు రెండు గంటలు. చిన్నమ్మ వాళ్ల ఇల్లు పట్టాలకు దగ్గర. కాజీపేట-విజయవాడ లైను కదా, ఒక ఎక్స్‌ప్రెస్ పోతే వెనకే బొగ్గు గూడ్సు వస్తుంది. ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోరు. గూడ్సు వచ్చినప్పుడు మాటలు ఆగిపోతాయి, పోయాక ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలవుతాయి.

చెల్లె క్లాసు వింటుంటే పక్కన కూర్చుని చూశా. పాతవి ఆ ప్లాస్టిక్ మొగ్గ రకమే. వాల్యూమ్ ఏడు మీద ఉంది. గూడ్సు వచ్చింది, పదకొండుకు పెంచింది. గూడ్సు పోయింది. పదకొండు పదకొండు మీదే ఉండిపోయింది. గంట తర్వాత ఇంకో రైలుకు పదమూడు. సాయంత్రానికి ఆ పిల్ల పద్నాలుగు మీద ఇండియన్ పాలిటీ వింటోంది.

"తగ్గించలేదేందే?"

"పెంచినట్టే యాది లేదన్నా. పడుకునేటప్పుడు చెవులల్ల గుయ్యిమంటది, అప్పుడు యాదికొస్తది."

ఆ గుయ్యిమనడం మామూలు విషయం కాదు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా ఉంటుంది. అందులో పుట్టుకతో వచ్చే వెంట్రుక కణాలు దాదాపు పదహారు వేలు. గట్టి శబ్దానికి అవి అలసిపోతే గుయ్యిమంటుంది, రెస్టు ఇస్తే చాలావరకు తేరుకుంటాయి. రోజూ అట్లాగే జరుగుతుంటే కొన్ని చచ్చిపోతాయి. మనుషుల్లో చచ్చినవి మళ్లీ మొలవవు. రెండు మూడు రోజులైనా ఆ చప్పుడు పోకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోవాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రే ఉంది.

కొత్తవి పెట్టించా. మొదట మధ్య సైజు రబ్బరు జారిపోయింది, చిన్నది పట్టింది. "చెవి మూసుకపోయినట్టు అయితుందన్నా" అంది. కొత్తలో అట్లాగే ఉంటుంది, పది నిమిషాల్లో అలవాటైంది. తర్వాత మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్న తెల్లవారుజామున క్లాసు పెట్టుకుని, మాటలు స్పష్టంగా అర్థమయ్యే అతి తక్కువ మెట్టు ఏదో చూడాలి. చెల్లెకు అది ఐదు. దానికి ఒక మెట్టు కలిపి ఆరు, అదే లక్ష్మణరేఖ. గూడ్సు వస్తే పెంచొద్దు, పాజ్ కొట్టాలి. గూడ్సు మొత్తం పోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, ఆలోపు నోట్సు రాసుకోవచ్చు. మరీ ఆత్రం ఉన్నవాళ్లకు ఫోన్‌లోనే తాళం ఉంది. సామ్‌సంగ్‌లో మీడియా వాల్యూమ్ లిమిట్ అని, ఐఫోన్‌లో హెడ్‌ఫోన్ సేఫ్టీ అని. మిగతా ఫోన్లలో సెట్టింగ్స్‌లో వాల్యూమ్ అని వెతికితే చాలావాటిలో ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పి వచ్చా. బయటి చప్పుడు ఆపే ఇయర్‌ఫోన్ రైలు హారన్‌ను కూడా ఆపుతుంది. పట్టాలు దాటేటప్పుడు, రోడ్డు మీద నడిచేటప్పుడు, బండి మీద అవి చెవిలో ఉండకూడదు. ఒక చెవికే పెట్టుకుంటే పర్లేదనుకుంటారు. అప్పుడు ఇంకో చెవిలోంచి రొద వస్తుంది, ఉన్న చెవికి వాల్యూమ్ పెరుగుతుంది. దానికంటే తీసి జేబులో వేసుకోవడం నయం.

మానుకోట నుంచి వరంగల్ వచ్చి, హన్మకొండలో భూపాలపల్లి బస్సు ఎక్కా. పరకాల, రేగొండ మీదుగా పోతుంది. బస్సులో నా సొంత ఇయర్‌బడ్స్ పెట్టుకున్నా, నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్నవి. ఇంజిన్ గుర్రుమనేది, టైర్ల మూలుగు మాయమైపోయాయి. అద్దాల గలగల, వెనక సీటాయన ఫోన్ మాటలు మాత్రం అట్లాగే ఉన్నాయి. ఆ టెక్నాలజీ పని తీరే అంత. మైకుతో బయటి శబ్దాన్ని విని, దానికి తలకిందుల అలను పుట్టించి కొట్టేస్తుంది. ఒకే తీరుగా సాగే బొంగురు శబ్దాలకు బాగా పనిచేస్తుంది, టకటకలకూ మాటలకూ అంతగా కాదు. రోజూ బస్సులో రెండేసి గంటలు తిరిగేవాళ్లకు ఆ ఎక్కువ డబ్బు పెట్టడం దండగ కాదు. ఇంట్లో కూర్చుని వినేవాళ్లకు మాత్రం మంచి రబ్బరే చాలు.

భూపాలపల్లి సింగరేణి ఊరు. చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ ప్లాంటు, రోడ్డు పొడుగునా బొగ్గు టిప్పర్లు. పెద్దబాపుకు గనితో సంబంధం లేదు. ఆయనది పిండి గిర్ని. ముప్పై ఏళ్లుగా కార్మికుల ఇళ్లకు జొన్నలు, గోధుమలు, మక్కలు, కారం పట్టిచ్చాడు. ఇప్పుడు ఆయన కొడుకు, మా అన్న, నడుపుతున్నాడు.

గనుల్లో 85 డెసిబెల్స్ దాటితే హెచ్చరిక హద్దు, ఫ్యాక్టరీల్లో ఎనిమిది గంటల పనికి 90 హద్దు అని రూల్స్ ఉన్నాయి. గిర్నిలో ఏ రూలూ అడిగేవాళ్లు లేరు. మోటారు తిరుగుతుండగా లోపల నిలబడి చూస్తే 92.

పోయినేడు హన్మకొండలో పెద్దబాపుకు వినికిడి పరీక్ష చేయించారు. ఆ కాగితం చూపించాడు. గీత నేరుగా వచ్చి 4,000 హెర్ట్జ్ దగ్గర గుంతలో పడ్డట్టు దిగిపోయి, 8,000 దగ్గర కొంచెం లేచింది. వయసు వల్ల వచ్చే వినికిడి లోపమైతే పైకి పోయే కొద్దీ జారుతూ పోతుంది. ఇట్లా మధ్యలో గుంత పడిందంటే ఎక్కువగా శబ్దం చేసిన పనే. ఆ గుంత దగ్గరే మన స, శ, చ లాంటి అక్షరాల ధ్వనులు ఉంటాయి. అందుకే ఇట్లాంటివాళ్లకు మనిషి మాట్లాడుతున్నట్టు వినపడుతుంది, ఏం మాట్లాడాడో తెలియదు. అన్నం తింటుంటే పెద్దమ్మ కూర వడ్డిస్తూ "సాలా?" అంది. పెద్దబాపు లేచి వంటింట్లోకి పోయి పాల గిన్నె తెచ్చాడు. పెద్దమ్మ నవ్వలేదు. అలవాటైపోయినట్టుంది. మెషిన్ ఉంది గానీ, పెట్టుకుంటే గిర్ని దగ్గర గీపెడుతుందని డబ్బాలోనే ఉంచాడు.

నాకు అసలు భయమేసింది అన్నను చూసి. గిర్ని నడుస్తుంటే చెవుల్లో ఇయర్‌ఫోన్స్, ఫుల్ వాల్యూమ్, పాటలు.

"గిర్ని సప్పుడు ఇనవడకుండ పెట్టుకుంటున్నరా. బాపు లెక్క చెవులు పోవద్దు గదా" అన్నాడు.

92 రొద మీద పాట వినిపించాలంటే ఎక్కడికి పోవాలో లెక్క వేసి చెప్పా. గిర్నిని పాటతో కప్పేస్తే గిర్ని ఎక్కడికీ పోదు, చెవికి రెండూ పడతాయి. నమ్మలేదు. మోటారు నడుస్తుండగా అతని ఇయర్‌ఫోన్ తీయించి నావి, పాట లేకుండా, రబ్బరు సరిగ్గా బిగించి పెట్టా. ఒక్క నిమిషం అట్లాగే నిలబడ్డాడు. "పాట పెట్టకుంటెనే తగ్గిందేందిరా?" అన్నాడు.

అయినా ఇయర్‌ఫోన్ అనేది పనిలో చెవులు కాపాడుకోవడానికి చేసిన వస్తువు కాదు. సాయంత్రం ఇద్దరం బజారుకు పోయాం. గనుల ఊరు కాబట్టి హెల్మెట్లు, బూట్లు అమ్మే షాపులో ఇయర్‌మఫ్స్ కూడా ఉన్నాయి, చెవుల మీద డిప్పల్లా మూసుకునేవి. నాలుగొందలు. మందుల షాపులో ఫోమ్ ప్లగ్గులు ఇంకా చవక. అన్నకు సందేహాలు తీరలేదు. గిరాకి పిలిస్తే వినపడాలి, బెల్టు జారితే చప్పుడు తెలియాలి, ఎండకు చెమట పడుతుంది. అవన్నీ నిజాలే. గిరాకి కోసం గుమ్మం దగ్గర ఒక బల్బు, బయట దానికి స్విచ్చు పెడదామన్నా. "నీ ఇంజినీరింగు మొత్తం నా గిర్ని మీదనే చూపియ్" అని నవ్వాడు గానీ, వైరు ముక్క కోసం వెతికింది ఆయనే. పెద్దబాపు ఆ డిప్పలను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, నాతో ఏమీ అనకుండా గిర్ని గోడకు మేకు కొట్టి తగిలించాడు.

హైదరాబాద్ వచ్చిన వారానికి ఫోన్ చేస్తే వదిన ఎత్తింది. బల్బు వెలుగుతోందట. "అన్న పెట్టుకుంటుండా?" అని అడిగా.

"కారం పట్టేటప్పుడు పెట్టుకుంటుండు. జొన్నలకైతే తీసేస్తుండు" అంది.